స్కానర్ అప్పు తీర్చే పళ్లు

దంతవైద్యుల సదస్సు ఏ దేశంలో జరిగినా ఈ మధ్య ఒకటే పాట. డిజిటల్‌కి మారని క్లినిక్కు మూతపడుతుందట, మారని దేశం వెనకబడిపోతుందట. నోట్లో తిప్పే స్కానర్లు, త్రీడీ ప్రింటర్లు, దవడను నిలువునా అడ్డంగా కోసి చూపించే సీబీసీటీ, ఎక్స్‌రే మీద పుచ్చు ఎక్కడుందో గీత గీసి చెప్పే ఏఐ. ఇవి ఎంత తొందరగా ఎంతమందికి చేరితే ప్రపంచం నోరు అంత తొందరగా బాగుపడుతుందని వాళ్ల వాదన. యంత్రాలు అమ్మేవాళ్లు ఆ మాట అంటే పట్టించుకోనక్కర్లేదు, అది వాళ్ల పొట్టకూడు. కానీ కాలేజీల్లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు, ఆరోగ్యశాఖ అధికారులు, పత్రికల్లో ఆరోగ్యం పేజీలు నింపేవాళ్లు కూడా గొంతు కలిపారు. ఎన్ని క్లినిక్కుల్లో స్కానర్లున్నాయన్న లెక్క ఒక దేశపు దంతవైద్యానికి కొలబద్దగా చలామణి అవుతోంది. ఆ లెక్క చూస్తే అమ్మకాలు ఎంత జోరుగా సాగాయో తెలుస్తుంది. ఎవరి పన్ను నిలిచిందో అందులో ఎక్కడా ఉండదు.

డిజిటల్ దంతవైద్యం నిన్నగాక మొన్న పుట్టిందని చాలామంది అనుకుంటారు. 1970ల మొదట్లోనే ఫ్రాన్సులో ఫ్రాన్స్వా ద్యూరే అనే యువకుడు కాంతితో పంటి అచ్చు తీయవచ్చని థీసిస్ రాశాడు. 1985 సెప్టెంబరులో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్ అనే దంతవైద్యుడు, మార్కో బ్రాండెస్టీని అనే ఇంజనీరు తాము తయారుచేసిన సెరెక్ యంత్రంతో పంటి గుంటలో అమరే మొదటి సిరామిక్ పూరకాన్ని (ఇన్‌లే) అక్కడికక్కడే చెక్కించి రోగి పంట్లో అతికించారు. 1987కల్లా ఫిల్ము అక్కర్లేని పంటి ఎక్స్‌రే ఫ్రాన్సు నుంచే వచ్చింది. 1990ల చివరికి ఇటలీలో సీబీసీటీ బయటికొచ్చింది. అంటే ఈ పరిజ్ఞానానికి నలభై ఏళ్లు నిండాయి. ఒక పద్ధతి వల్ల జనానికి ఏం ఒరిగిందో నిలదీసి అడగడానికి ఈ గడువు చాలు.

ఏం ఒరిగింది? 1990 నుంచి 2010 వరకు, సరిగ్గా ఈ యంత్రాలు ధనిక దేశాల క్లినిక్కుల్లోకి నడిచొచ్చిన ఇరవై ఏళ్లలో, శాశ్వత దంతాల్లో వైద్యం అందని పుచ్చు ఉన్నవాళ్ల నిష్పత్తి ప్రపంచం మొత్తం మీద 35 శాతం దగ్గరే కదలకుండా కూర్చుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్లు దాదాపు 350 కోట్ల మంది. పెద్దపళ్లలో పుచ్చుతో తిరుగుతున్నవాళ్లు 200 కోట్లు, పాలపళ్లు పుచ్చిపోయిన పిల్లలు 51 కోట్లు. ఈ రోగుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాల వాళ్లు. అంటే మనలాంటి వాళ్లే.

‘పుచ్చు ఆపుతానని స్కానర్ ఎప్పుడైనా చెప్పిందా, దాని పని అచ్చు తీయడం’ అని ఇక్కడ ఒక డాక్టరుగారు అడ్డుపడతారు. నిజమే, చెప్పలేదు. అలాగైతే దాన్ని దంతవైద్యంలో విప్లవమని, పేదదేశాలకు తరుణోపాయమని పిలవడం మానాలి. పుచ్చిపోయి, రూట్ కెనాల్ అయి, క్యాపు వేయాల్సి వచ్చిన పంటికి ఆ క్యాపును కాస్త చక్కగా, కాస్త తొందరగా అమర్చే పనిముట్టు అది. జబ్బు కథలో చిట్టచివరి అధ్యాయంలో ప్రవేశించే పాత్ర.

ఆ చివరి అధ్యాయంలో దాని గొప్పతనాన్ని నేను కాదనను. ట్రేలో పుట్టీ నింపి నోట్లోకి తోస్తే అంగిలి దాకా పాకి, డోకు వచ్చి, కళ్లలో నీళ్లు తిరిగి, ‘ఇంకొక్క నిమిషం, ముక్కుతో గాలి పీల్చండి’ అంటూ డాక్టరు భుజం నొక్కిపట్టడం గుర్తున్న ఎవరికైనా స్కానర్ వరమే. ఒక పన్నుకో రెండు పళ్లకో క్యాపు వేయడానికి స్కానర్ అచ్చు పుట్టీ అచ్చుకు ఏ మాత్రం తీసిపోదు. ఫిల్ముతో పోలిస్తే డిజిటల్ సెన్సారుకు తక్కువ రేడియేషన్ చాలు. ఇంప్లాంట్ పెట్టబోయే చోట నరం ఎంత దూరంలో ఉందో సీబీసీటీ చూపిస్తుంది. క్యాన్సర్‌కి దవడ తీసేసినవాళ్లకు కాలి ఎముకతో కొత్త దవడ కట్టేటప్పుడు కంప్యూటర్ ప్లానింగ్ చేసే మేలు మాటల్లో చెప్పలేనిది. ఇవన్నీ ఉంచుకుందాం.

అయితే క్యాపులు ఎందుకు పాడవుతాయో కూడా చూడాలి. అచ్చులో నాలుగు మైక్రాన్ల తేడా వచ్చిందని ఊడిపోయే క్యాపులకన్నా, అంచు కింద మళ్లీ పుచ్చు పట్టడం, లోపలి నరం చచ్చిపోవడం, చిగురు జారిపోవడం వల్ల పోయేవి ఎక్కువ. జిర్కోనియా అనే సిరామిక్‌తో చేసిన క్యాపు కొన్న మనిషి చేతిలో వారంటీ కార్డు పెడతారు. మీద క్యూఆర్ కోడ్, పది పదిహేనేళ్ల హామీ. ఆ హామీ జిర్కోనియాకే, దాని కింద ఉన్న పంటికి ఎవరూ ఇవ్వలేదు. రోజుకు నాలుగుసార్లు చక్కెర టీ తాగి, బ్రష్షు పొద్దున ఒక్కసారే ముట్టుకునే నోట్లో ఆ క్యాపు ఎంత కచ్చితంగా కూర్చున్నా దాని కింద జబ్బు తన పని తాను చేసుకుపోతుంది.

ఇక డబ్బు సంగతి. సదస్సుల్లో దీన్ని టీ విరామంలో తప్ప మాట్లాడరు. స్కానర్ లక్షల్లో ఉంటుంది. దానికి తోడు క్లినిక్కులోనే క్యాపు చెక్కే మిల్లింగ్ యంత్రం కొంటే ఆ లక్షలు ఇంకా పెరుగుతాయి. ఆ పైన ఏటేటా సాఫ్ట్‌వేర్ చందా. చదువు అప్పు తీరకముందే చిన్న పట్నంలో బోర్డు కట్టిన కుర్ర డాక్టరు ఈ యంత్రాన్ని ఈఎంఐ మీద తెచ్చుకుంటే, నెల తిరిగేసరికి ఆ వాయిదా ఎక్కడి నుంచి వస్తుంది? పళ్లు బాగున్న మనిషి దగ్గర నుంచి రాదు. చిన్న సిమెంటు ఫిల్లింగుతో సరిపోయే పన్ను దగ్గర నుంచీ రాదు. క్యాపు వేస్తేనే వస్తుంది. క్యాపు వేయాలంటే చుట్టూ ఆరోగ్యంగా ఉన్న పన్నునూ చెక్కాలి. అలా చెక్కిన పన్ను తిరిగి పెరగదు. ఆ డాక్టరు దుర్మార్గుడని నేననడం లేదు. ఫిల్లింగా, క్యాపా అని ఊగిసలాడే పన్ను ఎదురైనప్పుడు వాయిదా తేదీ ఏ పక్కకు మొగ్గుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. గానుగ కొన్నాక నువ్వులు వెతుక్కోక తప్పదు.

ఇప్పుడు ఈ గానుగకు ఏఐ తోడైంది. అమెరికాలో ఓవర్‌జెట్, పర్ల్ అనే కంపెనీల సాఫ్ట్‌వేర్లకు 2021, 2022ల్లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. ఎక్స్‌రే తెర మీదికి రాగానే అనుమానమున్న చోటల్లా రంగు గళ్లు వెలుగుతాయి. డాక్టరు కన్ను దాటిపోయిన పుచ్చును అది పట్టుకుంటుందన్నది నిజమే కావచ్చు. కానీ ఎనామిల్ పైపొరలో మొదలైన ప్రతి మచ్చా డ్రిల్లు పెట్టాల్సిన పుచ్చు కాదు. ఫ్లోరైడు తగిలితే, చక్కెర తగ్గితే అక్కడే ఆగిపోయేవీ, కొంత వెనక్కి తగ్గేవీ ఉంటాయని దంతవైద్యం మొదటి పాఠాల్లోనే చెబుతారు. ఏది ఆగుతుందో ఏది ముదురుతుందో ఒక్క ఎక్స్‌రే చూసి చెప్పడం కష్టం. ఆర్నెల్లాగి ఇంకోసారి చూడాలి. తెర మీద ఎర్రగా వెలిగే గడిని చూసిన రోగి ఆర్నెల్లు ఆగుతాడా? ఆగడనే ధీమాతోనే అమ్మకం సాగుతోంది. ఈ వ్యాపారంలో బాగా చెలామణి అయ్యే మాట ‘కేస్ యాక్సెప్టెన్స్’. చెప్పిన వైద్యానికి రోగి ఎంత తొందరగా ఒప్పుకుంటాడన్నది దాని లెక్క. రోగాన్ని కనిపెట్టే పరికరాన్ని ‘దీనితో మీ కేస్ యాక్సెప్టెన్స్ పెరుగుతుంది’ అని డాక్టర్లకు అమ్ముతున్నప్పుడు, అది ఎవరి మేలు కోరి పుట్టిందో వేరే చెప్పాలా?

దీనికి వాళ్ల దగ్గర ఒక జవాబుంది. దంతవైద్యులు ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు, యంత్రమైతే అందరికీ ఒకే మాట చెబుతుందంటారు. 1997లో విలియం ఎకెన్‌బార్గర్ అనే విలేకరి రీడర్స్ డైజెస్ట్ కోసం అమెరికాలో 28 రాష్ట్రాల్లో 50 మంది దంతవైద్యులకు తన నోరే చూపించాడు. ఒకరు ఐదు వందల డాలర్ల లోపు పని అన్నారు. ఇంకొకరు దాదాపు ముప్ఫై వేల డాలర్లు అవుతుందన్నారు. ఆ నోట్లో ఉన్న పళ్లు మాత్రం అవే. ఈ తేడాకు మూలం చూపు లోపమే అయితే యంత్రం సరిచేస్తుందని నమ్మవచ్చు. అరవై రెట్ల తేడా కంటిచూపు వల్ల రాదు. చేసిన పనిని బట్టి డబ్బు, పెద్ద పనికి పెద్ద డబ్బు అనే ఏర్పాటు నుంచి వచ్చింది. ఆ ఏర్పాటును తాకకుండా మీద ఏఐ తొడిగితే పాత బేరమే మరింత నమ్మకంగా సాగుతుంది. ఇదివరకు డాక్టరు మాటను రోగి అనుమానించగలిగేవాడు. ఇప్పుడు కంప్యూటరే చెప్పాక ఏమని అడుగుతాడు?

పేదవాళ్ల పేరు చెప్పి నడిపిన డిజిటల్ ప్రయోగం ఒకటి ఎలా ముగిసిందో గుర్తుచేసుకోవాలి. 2014లో అమెరికాలోని నాష్‌విల్‌లో స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ మొదలైంది. ఆర్థోడాంటిస్టు కుర్చీ ఎక్కనక్కర్లేదు, ఇంట్లోనే అచ్చు తీసి పంపండి, లేదా మా దుకాణంలో స్కాన్ చేయించుకోండి, పళ్లు సరిచేసే ప్లాస్టిక్ అలైనర్లు పోస్టులో వస్తాయి, డాక్టరు దూరం నుంచే చూసుకుంటాడు అని చెప్పింది. ఖరీదైన వైద్యాన్ని సామాన్యుడికి అందిస్తున్నామన్నది నినాదం. 2019 సెప్టెంబరులో షేర్ల మార్కెట్టుకెక్కినప్పుడు దాని విలువ 890 కోట్ల డాలర్లు. ఇరవై లక్షల మందికి వైద్యం చేశామని కంపెనీ చెప్పుకునేది. 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో తలుపులు మూసేసింది. సగంలో ఉన్న అలైనర్లు సగంలోనే ఆగాయి. ఇక మీ దంతవైద్యుడి దగ్గరికి వెళ్లి చూపించుకోండని చెప్పి చేతులు దులుపుకుంది. వాయిదాల మీద డబ్బు కడుతున్నవాళ్లు మాత్రం మిగిలిన వాయిదాలన్నీ కట్టాల్సిందేనంది! పన్ను కదిలించడమంటే ఎముక కరగడం, తిరిగి పట్టడం. దాన్ని దగ్గరుండి నెలనెలా చూసే మనిషిని తీసేసి మిగిలినదానికి ‘అందుబాటు’ అని పేరు పెట్టారు.

పోనీ సంపన్న దేశం, అందరికీ ప్రభుత్వ వైద్యం, డాక్టర్ల చేతికి స్కానర్లు అన్నీ ఉన్న చోటైనా అందుబాటు పెరిగిందా? 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో సెయింట్ పాల్స్ అనే పేటలో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) రోగులను చేర్చుకునే దంత క్లినిక్కు ఒకటి తెరిచారు. పొద్దున్నే వందల మంది వీధి పొడుగునా బారులు తీరారు. వరస సర్దడానికి పోలీసులు రావాల్సి వచ్చింది. 2006లో పెట్టిన ఒప్పందం ప్రకారం ప్రభుత్వం ఇచ్చే డబ్బు గిట్టుబాటు కాక డాక్టర్లు ఎన్‌హెచ్‌ఎస్ పని వదిలి ప్రైవేటుకు పోతున్నారు. అదే డాక్టరు ప్రైవేటు పనిలో వాడే స్కానర్ మీద బ్రిస్టల్ వరసలో నిలబడ్డ మనిషి నోరు పడాలంటే ముందు ఒప్పందం మారాలి. ఆ దేశానికి యంత్రాల కొరత లేదు.

మరి ఏది పనిచేసిందో చూడాలి. ఆ పక్కనే ఉన్న స్కాట్లండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం ఉంది. నర్సరీ బడిలో టీచర్ల ముందు పిల్లలంతా రోజూ ఫ్లోరైడు పేస్టుతో పళ్లు తోముకోవడం దాని గుండెకాయ. 2003లో అక్కడ ఒకటో తరగతి పిల్లల్లో పుచ్చు లేనివాళ్లు 45 శాతం. 2020 నాటికి 74 శాతం. వైద్యం మీద మిగిలిన డబ్బు బ్రష్షుల మీద పెట్టిన ఖర్చును దాటిపోయింది. ఇంగ్లండులో 2018 ఏప్రిల్ నుంచి చక్కెర పానీయాల మీద సుంకం వేశారు. ఆ తర్వాత పళ్లు పీకించుకోవడానికి ఆస్పత్రిలో చేరే పిల్లలు, సుంకం లేకపోతే ఉండేవాళ్లకన్నా 12 శాతం తగ్గారని లెక్కతేలింది. పన్నెండు శాతం పీకుళ్లు ఆపిన స్కానర్ ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

వైద్యం చేయాల్సిన చోట కూడా చవక దారి ఉంది. 1980ల మధ్యలో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే డచ్చి దంతవైద్యుడు కరెంటు లేని చోట మొదలుపెట్టిన పద్ధతిని ఏఆర్‌టీ అంటారు. పిల్లను బడి బల్ల మీదే పడుకోబెడతారు. చెంచా ఆకారపు చిన్న చేతి పనిముట్టుతో మెత్తబడ్డ పుచ్చును గీకి తీస్తారు. డ్రిల్లు చప్పుడు ఉండదు, చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు. దూదితో తుడిచి, చిన్న కాగితం మీద పొడీ ద్రవమూ కలిపిన గ్లాస్ అయనోమర్ సిమెంటును గుంటలో నింపి, వేలికి కాస్త వ్యాజలీన్ రాసుకుని గట్టిగా అదుముతారు. అదనంగా పొంగింది తీసేస్తే పని అయిపోయింది. ఆ సిమెంటు గట్టిపడ్డాక కూడా కొంచెం కొంచెంగా ఫ్లోరైడు వదులుతూ ఉంటుంది. ఇంకో మందు ఇంతకన్నా చవక. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడు అనే చుక్క మందును 1970ల నుంచి జపాన్‌లో వాడుతున్నారు. పుచ్చు మీద చిన్న కుంచెతో రాస్తే చాలామట్టుకు జబ్బు అక్కడితో ఆగుతుంది. పుచ్చిన చోటు నల్లగా మారుతుంది, ముందుపళ్లయితే తల్లులు ఇష్టపడరు, ఆ మాట దాచక్కర్లేదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఈ చుక్క మందునూ, ఆ సిమెంటునూ, ఫ్లోరైడు పేస్టునూ చేర్చింది. మన జిల్లాల్లో ఎన్ని ప్రభుత్వ ఆస్పత్రుల దంత విభాగాల్లో ఈ మూడూ ఉన్నాయో అడిగి చూడండి. వాటికి స్టాలు పెట్టి కాఫీ ఇచ్చేవాళ్లు లేరు, అందుకే సదస్సుల్లో వాటి ఊసుండదు.

మన దేశంలో దంత కళాశాలలు మూడు వందలకు పైనే. ఏటా పాతిక వేలకు పైగా బీడీఎస్ సీట్లు. ఇంతమంది తయారవుతున్నా పల్లెలో పన్ను పోటు వస్తే లవంగ నూనే గతి, అది తగ్గకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర. డాక్టర్లంతా పట్నాల్లో ఒకే వీధిలో బోర్డు పక్కన బోర్డు కట్టుకుని, ఒకరిని మించి ఒకరు యంత్రాలు కొని పోటీపడుతున్నారు. ‘పూర్తి డిజిటల్ క్లినిక్’ అన్న బోర్డు ఆ పోటీలో పుట్టినదే.

తెలుగు నేల మీద నోటికి వచ్చిన రెండు పెద్ద కష్టాలను చూసినా యంత్రం ఎంత దూరంగా ఉందో తెలుస్తుంది. ఒకటి ఫ్లోరోసిస్, తాగే నీళ్లలో ఫ్లోరైడు మితిమీరితే వచ్చే జబ్బు. దేశంలోనే ఈ జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్లగొండ దీనికి మారుపేరైంది. గోధుమరంగు చారలు పడ్డ పళ్లకు పట్నంలో వెనీర్లు అతికిస్తారు, స్కానరుతో అందంగా అతికిస్తారు. ఆ జిల్లా మర్రిగూడలో పుట్టబోయే పిల్ల పన్ను తెల్లగా రావాలంటే బోరు నీళ్ల బదులు కృష్ణా నీళ్లు రావాలి. అంతకుమించి చెప్పడానికేం లేదు.

రెండోది క్యాన్సర్. ప్రపంచంలో నోటి క్యాన్సర్ వచ్చేవాళ్లలో మూడో వంతు మన దేశంవాళ్లే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో పాతతరం ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. సముద్రపు గాలికి ఆరిపోదని అంటారు. ఆ సెగ నేరుగా తగిలేది అంగిలికి. ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువని 1960ల నుంచి వైద్యులు రాస్తూనే ఉన్నారు. అంగిలి మీద తెల్లగా, ఎర్రగా తేలిన మచ్చను చూడటానికి కావలసింది నోరు తెరవమని అడిగే మనిషి, ఒక టార్చిలైటు. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన పెద్ద ప్రయోగం దీన్ని రుజువు చేసింది. 13 పంచాయతీలను ఎంచుకుని, వాటిలో ఏడింట డాక్టర్లు కాని ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి ఇంటింటికీ పంపి, వెలుతురులో నోరు చూడమన్నారు. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. ఇది జరిగి ఇరవై ఏళ్లయింది. ఆ ప్రయోగం మన దేశంలోనే, అదీ దక్షిణాదిలోనే జరిగింది, విదేశాల్లో కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్త చేతికి టార్చి ఇచ్చి అంగిలి చూడటం నేర్పించే పని రోజువారీ డ్యూటీలో భాగం కావడానికి ఇంకెన్ని ప్రయోగాలు కావాలి?

‘సరే, ఆశా చేతికి ఫోను ఇద్దాం, ఆ మచ్చను ఫోటో తీసి పంపితే నిపుణుడు చూస్తాడు, అది డిజిటలే కదా’ అంటారు. ఔను, అది డిజిటలే, నాకు అభ్యంతరమూ లేదు. దంతవైద్యంలో డబ్బు పెట్టదగిన డిజిటల్ ఏదైనా ఉంటే అదేనేమో. కానీ ఫోటో చూసిన నిపుణుడు బయాప్సీ చేయాలి, తీసుకురండి అంటాడు. శ్రీకాకుళం జిల్లా సోంపేట పక్క పల్లె నుంచి అరవై ఐదేళ్ల మనిషిని విశాఖ తీసుకెళ్లాలి. తోడుగా కొడుకో కోడలో రావాలి, రెండు రోజుల కూలి పోవాలి, రిపోర్టు కోసం మళ్లీ రావాలి. ఆ బస్సు ఖర్చూ, ఆ కూలీ, సోంపేటకు దగ్గరలోనే బయాప్సీ తీసే ఏర్పాటూ బడ్జెట్లో ఉన్నాయా అని అడిగితే, ప్రతిపాదనలో ఉన్నది యాపుకూ ట్యాబులకూ సర్వరుకూ కేటాయింపు మాత్రమేనని తేలుతుంది. ఆ కాగితాన్ని వెనక్కి పంపి, ముందు బస్సు ఖర్చు రాసుకు రమ్మని చెప్పాల్సిన అధికారి, ప్రస్తుతం డిజిటల్ దంతవైద్యం మీద సదస్సు ప్రారంభించడానికి వెళ్లారు.